అభ్యంగనం వరుస మార్చుకుందాం

అమెరికాలోని మిషిగన్, మినెసోటా, ఇలినాయ్‌లలో ఉండే తెలుగువారికి డిసెంబరు వచ్చిందంటే పిక్కల మీద తెల్లటి గీతలు, వీపున దురద, వేలి కణుపుల దగ్గర పగుళ్లు మామూలే. అందరూ చలిని తిడతారు. నన్నడిగితే తప్పులో సగం హీటరుదీ, మన స్నానాలదీ.

సెల్సియస్ లెక్కన సున్నాకు పది డిగ్రీలు దిగువన గాలి నిండుగా తేమతో ఉన్నా, అందులో నీరు చాలా కొద్ది. ఆ గాలే ఇంట్లోకి వచ్చి 21 డిగ్రీలకు వేడెక్కితే సాపేక్ష తేమ, అంటే గాలి మోయగలిగిన నీటిలో నిజంగా ఉన్న వంతు, సుమారు 11 శాతానికి పడిపోతుంది. వంటలు, స్నానాలు, మన ఊపిరి కలిసి దాన్ని కాస్త పెంచినా చాలదు. అంత పొడి గాలి దొరికిన చోటల్లా తడిని లాగేసుకుంటుంది, మన ఒంట్లోంచి కూడా. కాకినాడలో సంక్రాంతి చలికి పెదవులు పగులుతాయి గానీ, బాధ ఇంత దూరం రాదు.

అభ్యంగనమే తీసుకోండి. నువ్వుల నూనె పట్టించి, నాననిచ్చి, సున్నిపిండితో నలుగు పెట్టి, పొగలు కక్కే నీళ్లు పోసుకోవడం మన పద్ధతి. గోదావరి జిల్లాల ఉక్కకూ చెమటకూ అది నప్పింది. ఇక్కడ జనవరిలో అదే చేస్తే పెట్టిన నూనెను సున్నిపిండి, చర్మంలో సహజంగా ఉన్న కొవ్వును వేడినీళ్లు పట్టుకుపోతాయి. పండగ పూట తలంటు మానమని నేను అనను. అనే ధైర్యమూ లేదు, మా ఇంట్లో పెద్దవాళ్లున్నారు. రోజువారీ స్నానానికి మాత్రం వరుస తిప్పాలంటాను: ముందు నీళ్లు, తరువాత నూనె. గోరువెచ్చని నీళ్లతో ఐదు పది నిమిషాల్లో ముగించి, సబ్బును చంకలకూ గజ్జలకూ పాదాలకే పరిమితం చేసి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒంటి మీద చెమ్మ ఉండగానే నూనో క్రీమో రాసుకోవాలి. నూనె కొత్తగా నీటిని తేలేదు, ఉన్న నీటిని పోనివ్వదు. పూర్తిగా ఆరిపోయిన చర్మానికి ఎంత పట్టించినా లాభం అంతంతే.

కొబ్బరి నూనె మంచిదే. ఫిలిప్పీన్స్ వైద్యులు 2004లో ప్రచురించిన ఒక చిన్న పరీక్షలో పొడి చర్మానికి అది పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్‌కు దీటుగా పనిచేసింది. ఆలివ్ నూనె జోలికి మాత్రం పోవద్దు, చర్మపు పై పొరను అది బలహీనపరచగలదు. తడిని నిలపడంలో పెట్రోలియం జెల్లీకి సాటి లేదు. 1872లో పేటెంటు పొందిన పాత సరుకు, నాలుగైదు డాలర్లకు దొరుకుతుంది. దాన్ని చూసి ముఖం చిట్లించేవారే ఖరీదైన సీసాలు కొనడం నాకు వింతగా ఉంటుంది. జిడ్డు నచ్చకపోతే చిక్కటి క్రీము వాడండి, పల్చటి లోషన్ కన్నా నయం. మడమలకు యూరియా కలిసిన క్రీము చూసుకోండి. చందనం, గులాబీ పరిమళాలు పగిలిన చర్మాన్ని మండిస్తాయి.

నా దిగులంతా పెద్దవాళ్ల గురించే. కూతురి కాన్పుకో మనవల కోసమో వచ్చి చలికాలమంతా ఉండిపోతారు. వయసుతో చర్మంలో నూనె ఊరడం తగ్గుతుంది. పైగా పూజ కోసం రెండు పూటలా వేడినీళ్ల స్నానం. సాయంత్రం కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కుంటే చాలని చెప్పడం కోడలి వల్ల కాదు, ఆ మాట కొడుకే చెప్పాలి. పిక్కల మీద ఎండిన చెరువు నేలలా నెర్రెలు పడితే అది ఒక రకం ఎగ్జిమా (చర్మం వాచి దురద పెట్టే జబ్బు), డాక్టరుకు చూపించాల్సిందే. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు, ఊదాగానో ముదురు గోధుమగానో కనబడుతుంది. కాబట్టి ఎక్కడ, ఎప్పటి నుంచి రంగు మారిందో మనమే నోరు తెరిచి చెప్పాలి. దద్దుర్లు లేకుండా దురద వారాల తరబడి వేధిస్తే షుగరు, థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు చేయించడం మంచిది.

ఇంట్లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మేలు. గాలికి తేమనిచ్చే యంత్రం, హ్యూమిడిఫయర్ పెట్టి కిటికీ అద్దాల మీద నీళ్లు కారుతుంటే తగ్గించండి, లేకపోతే బూజు పడుతుంది. దాని తొట్టిని తరచూ కడగాలి.

సంక్రాంతి సంబరాల్లో ఆరోగ్య శిబిరాలు పెట్టే మన సంఘాలకు ఒక సూచన. బీపీ, షుగరు బల్లల పక్కన చర్మానికీ ఒక బల్ల వేయండి. మన ఊళ్లలో చర్మ వైద్యులు తెలుగువారే ఉంటే వారిని రెండు గంటలు కూర్చోమని అడగండి. దురద సంగతి ఇంగ్లీషులో చెప్పలేక ఊరుకునే పెద్దలు ముందు అక్కడికే వస్తారు.