గ్యారేజీ వెతకాల్సింది ఖైదీయే

మే నెల వచ్చిందంటే మా టెక్సాస్ తెలుగువాళ్ళకి రెండు పనులు: ఆవకాయ, ప్రాపర్టీ టాక్స్ ప్రొటెస్ట్. కౌంటీవాళ్ళు ఇంటి విలువ కాస్త ఎక్కువ కట్టారనిపిస్తే చాలు, 15వ తేదీ లోపు అభ్యంతరం పడేస్తాం. ముందు ఇంటికి విలువ కట్టే అప్రైజరుతో బేరం. కుదరకపోతే రివ్యూ బోర్డు. అక్కడా కాదంటే ఆర్బిట్రేషనో, జిల్లా కోర్టో. నిరుడు గోడ పగులు ఫోటోలు పట్టుకుని బోర్డు ముందు కూర్చుని, ఆ పగులు ఎన్ని అంగుళాలో వేళ్ళతో చూపించి మరీ వచ్చాను.

అప్పీళ్ళలో ఇంత పండిపోయినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: మరణశిక్ష కేసుల్లో ఇన్ని అప్పీళ్ళు దండగ.

మా సెనేటర్ జాన్ కార్నిన్ గారిదీ దాదాపు ఇదే అభిప్రాయం. 2016 జూలైలో డాలస్‌లో ఐదుగురు పోలీసుల్ని కాల్చి చంపారు. ఆ దారుణం తర్వాత ఆయన 'బ్యాక్ ద బ్లూ' (పోలీసులకి అండ) అనే బిల్లు తెచ్చారు. చట్టం కాలేదు, అయినా వదలకుండా మళ్ళీ మళ్ళీ పెడుతూనే ఉన్నారు. (బిల్లుకి ఎన్నిసార్లయినా అప్పీలు ఉంటుంది.) పోలీసును చంపాడని రాష్ట్ర కోర్టు శిక్ష వేసినవాడు 'నన్ను అన్యాయంగా బంధించారు, విచారించండి' అని హెబియస్ కార్పస్ పిటిషన్‌తో ఫెడరల్ కోర్టు మెట్లెక్కితే, జడ్జికి వినే అధికారమే లేకుండా చేయాలన్నది అందులో ఒక ముక్క. మినహాయింపులు లేకపోలేదు. సుప్రీంకోర్టు కొత్త సూత్రమేదైనా చెప్పి అది పాత కేసులకూ వర్తిస్తుందనాలి. లేదా ఎంత శ్రద్ధగా వెతికినా అప్పట్లో దొరకని ఆధారం ఇప్పుడు తేవాలి. రెండిట్లో ఏదైనా సరే, ఆ సంగతులు చూశాక ఎవరూ దోషి అనరని గట్టిగా రుజువు కూడా చేయాలి. ఏడాదిలోపు పిటిషన్ వేసి తీరాలని 1996 చట్టం ఎటూ చెబుతూనే ఉంది.

న్యాయమే కదా! పోలీసు చనిపోతే దర్యాప్తు చేసేది ఆయన పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళే. అంతకంటే నిష్పాక్షికంగా ఎవరుంటారు?

1982లో హ్యూస్టన్‌లో ఒక పోలీసు హత్యకు రికార్డో ఆల్డాపే గెర్రా అనే మెక్సికన్ యువకుడికి మరణశిక్ష పడింది. అతని వెంట ఉన్న ఇంకొకడు అదే రాత్రి పోలీసు కాల్పుల్లో పోయాడు. చనిపోయిన పోలీసు తుపాకీ దొరికింది వాడి దగ్గర. విచారణలో ప్రాసిక్యూటర్లు ఆ ఇద్దరి నిలువెత్తు బొమ్మలు చేయించి, బట్టలు తొడిగి, సాక్షులకి కనబడేలా కోర్టు హాల్లో నిలబెట్టారు. చీరల షాపు ముందు బొమ్మల్ని చూసి లోపలికి వెళ్ళే మనం ఆ కళకి వంక పెట్టగలమా? కెన్నెత్ హోయ్ట్ అనే ఫెడరల్ జడ్జి పెట్టాడు. సాక్షుల్ని పోలీసులూ ప్రాసిక్యూటర్లూ బెదిరించారని తేల్చి 1994లో శిక్ష కొట్టేశాడు. 1997లో గెర్రా ఇంటికెళ్ళాడు. బిల్లు అప్పుడే ఉండుంటే ఆ జడ్జి గారికి ఎంత చాకిరీ తప్పేదో!

ఇక శ్రద్ధ సంగతి. 2003లో అదే హ్యూస్టన్‌లో చెక్కులు మార్చే దుకాణంలో దోపిడీ జరిగి ఒక పోలీసూ, దుకాణం ఉద్యోగినీ చనిపోయారు. ఆల్ఫ్రెడ్ డువేన్ బ్రౌన్‌కి 2005లో మరణశిక్ష వేశారు. ఆ పొద్దున తను ప్రియురాలి అపార్ట్‌మెంట్‌లో ఉన్నాననీ, అక్కడి ల్యాండ్‌లైన్ నుంచే ఆమెకి ఫోన్ చేశాననీ మొత్తుకున్నాడు. కాల్ రికార్డు 2013లో దొరికింది, ఒక డిటెక్టివ్ గారి ఇంటి గ్యారేజీలో. బ్రౌన్‌ని 2015లో వదిలారు. ఆ పని రాష్ట్ర కోర్టులోనే అయిపోయిందనుకోండి. ఫెడరల్ కోర్టు దాకా వచ్చి ఈ బిల్లుకి చిక్కి ఉంటే మాత్రం నేనైతే నిలదీసేవాణ్ణి: 'ఏం నాయనా, మరణశిక్ష వార్డులో పనీపాటా లేకుండా కూర్చున్నావు కదా, డిటెక్టివ్ గారి గ్యారేజీ ఒకసారి వెతుక్కోలేకపోయావా? శ్రద్ధ అంటే అది!'

గ్యారేజీల సంగతి నాకూ తెలుసు. మాదాంట్లో కారుకి తప్ప అన్నిటికీ చోటుంది: ఇండియా సూట్‌కేసులు, పాడైన గ్రైండరు, మా ఆవిడ ఏడేళ్ళుగా తెరవమంటున్న అట్టపెట్టెలు.

ఈ ఏడు రివ్యూ బోర్డు నా అభ్యంతరం కొట్టేసింది. ఊరుకుంటానా? నిన్న ఆ పెట్టెల్లో వంటింటి గోడ పగులు ఫోటోలు ఇంకో రెండు దొరికాయి. సోమవారం లాయరు దగ్గరికి వెళ్తున్నాను.