ఆ బార్‌ను అంత తేలిగ్గా తీసిపారేయకండి

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో కొత్తగా తెరిచిన కాక్‌టెయిల్ బార్ గురించి "లైట్లు, ఫొటోల హంగామా తప్ప ఏమీ లేదు" అని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోనండీ. మొన్న శనివారం సాయంత్రం మా బావతో కలిసి వెళ్లి కౌంటర్ ముందే కూర్చున్నాను. డైకిరీ అనే రమ్ము కాక్‌టెయిల్ అడిగితే, కౌంటర్‌లో డ్రింకులు కలిపే కుర్రాడు నిల్వ రసం జోలికి పోలేదు. నిమ్మకాయ అప్పటికప్పుడు కోసి పిండాడు, తెల్ల రమ్ము, చక్కెర పాకం పోసి, ఐసు వేసి, షేకర్ బయట తెల్లగా మంచు పట్టేదాకా ఊపాడు. అది షో కాదు. ఐసు కాస్త కరిగి ఆ నీళ్లు కలిస్తేనే రమ్ము ఘాటు తగ్గుతుంది, పులుపూ తీపీ కుదురుతాయి. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి ఢిల్లీ దాకా నిమ్మకాయలు పోతుంటాయి. అలాంటి చోట ఏదో కూల్‌డ్రింక్ కలిపిచ్చి కాక్‌టెయిల్ అంటుంటే ఇన్నాళ్లూ నాకు బాధగా ఉండేది.

మ్యూజిక్ సౌండ్ ఎక్కువే, అది నిజం. నన్ను అంతకంటే ఇబ్బంది పెట్టింది వేరే. మా బావ మందు ముట్టడు. ఆయనకు రంగు సోడా ఒకటి తెచ్చిపెట్టి చేతులు దులుపుకున్నారు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ జిల్లా ఇది, ఆ పోరాటం తర్వాతే 1993లో రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఇక్కడ తాగనివాళ్లకూ అంతే శ్రద్ధగా ఒక గ్లాసు కలిపివ్వాలి. సుగంధి, నిమ్మ, పుదీనాతో ఎంత బాగా చేయొచ్చో! యజమానులు ఇది చదువుతుంటే మెనూలో ముందు తాగనివాళ్ల కోసం ఒక పేజీ చేర్చండి.