సౌండ్ పెరిగితే పాట బాగుపడినట్టేనా? ఆటోమేటిక్ మాస్టరింగ్ సంగతి

ఈమధ్య ఒక అక్క కీర్తన పాడి మా ఇంట్లోనే రికార్డ్ చేసుకునింది. తిరుపతి కొర్లగుంటలో చిన్న గది మాది, గోడలకి రెండు పరుపులు ఆనించి దాన్నే స్టూడియో అంటా ఉంటాం. తంబూరా, వయొలిన్, మృదంగం, గొంతు, అంతే. అన్నీ కలిపి మిక్స్ చేసినాక "తమ్ముడూ, ఆన్‌లైన్‌లో ఏఐ మాస్టరింగ్ అంట కదా, రెండు నిమిషాల్లో అయిపోతుందంట, దాంట్లో వేసేయ్" అనింది. మాస్టరింగ్ అంటే మిక్స్ అయిన పాటకి బయటికి వదిలే ముందు చివరిగా పెట్టే మెరుగు. వేస్తే పోలా, ఒకటెందుకని నాలుగైదింట్లో వేసినాను.

అన్నిట్లోనూ ముందు, తర్వాత అని వినిపించే బటన్ ఉంటుంది. నొక్కితే 'తర్వాత' అదిరిపోతుంది, అక్క కళ్ళు పెద్దవి చేసుకునింది, నాక్కూడా ఒక్క క్షణం అబ్బా అనిపించింది. మోసపోయేది ఇక్కడే. సౌండ్ కొంచెం పెరిగితే చాలు, మన చెవికి బేస్, ట్రెబుల్ రెండూ నిండుగా తెలుస్తాయి, పాటే బాగుపడినట్టు ఉంటుంది. అందుకని 'తర్వాత' ఫైల్స్ అన్నీ తగ్గించి మిక్స్‌తో సమానం చేసి, పేర్లు దాచిపెట్టి, అక్కని అటు తిరిగి కూర్చోమని ఒక్కొక్కటే వినిపించినాను. మూడుసార్లు అడిగితే రెండుసార్లు మిక్సే బాగుందనింది.

ఎందుకో తర్వాత నింపాదిగా వింటే అర్థమైంది. ఆలాపనలో గొంతు ఆగిన చోటల్లా తంబూరా పైకి లేస్తోంది, దాంతోపాటు పక్క గదిలో తిరిగే ఫ్యాన్ కూడా. కంప్రెసర్ పని అదే కదా, పెద్ద సౌండ్‌ని నొక్కి చిన్నదాన్ని పైకి తెస్తుంది. పల్లవిలో మృదంగం పడగానే పాట ఒక మెట్టు ఎక్కాల, ఆ మెట్టే లేకుండా పోయింది, ఆలాపనా పల్లవీ ఒకే ఎత్తు. సినిమా పాటకి ఇది చెల్లుతుందేమో, కీర్తనకి కష్టం.

పోనీ ఇంత సౌండ్ పెంచుకుని లాభమన్నా ఉందా అంటే అదీ లేదు. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలన్నిటినీ మైనస్ 14 లఫ్స్ దగ్గరికి తెస్తుంది, ఆపిల్ మ్యూజిక్‌లో సౌండ్ చెక్ ఆన్‌లో ఉంటే మైనస్ 16. లఫ్స్ అంటే చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క, సున్నాకి ఎంత దగ్గరైతే అంత గట్టి, 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ తెచ్చిన కొలత పద్ధతి మీద నడుస్తుంది. యూట్యూబ్ గట్టిగా ఉన్నదాన్ని తగ్గిస్తుంది, మెల్లగా ఉన్నదాన్ని పెంచదు. నువ్వు కష్టపడి మైనస్ 8కి తోసుకుని పోతే స్పాటిఫై 6 డెసిబెల్స్ కోసేస్తుంది, మిగిలేది నలిగిపోయిన మృదంగం. పీక్, అంటే సౌండ్ ఎగిరే అన్నిటికంటే పై ఎత్తు, మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూసుకోమని కూడా స్పాటిఫై వాళ్ళే చెప్తారు, లేదంటే ఎంపీత్రీ లాంటి ఫార్మాట్లకి మార్చేటప్పుడు పగిలిపోతుంది.

సర్వీసులన్నీ ఒకటే అని కాదు. ల్యాండర్ 2014లోనే మాంట్రియల్ నుంచి వచ్చింది. స్టైల్, జోరు ఎంత కావాలో ఎంచుకోవచ్చు, అంతకుమించి లోపల ఏం జరిగిందో తెలీదు. బ్యాండ్‌ల్యాబ్ మాస్టరింగ్ ఫ్రీగా ఇస్తుంది, ఊరికే వినిపించుకోవడానికి, వాట్సప్‌లో పంపుకోవడానికి అది చాలు, నెలనెలా చందా కట్టి ఇంకోటి ఎందుకో నాకైతే అర్థం కాదు. ఓజోన్ అనే మాస్టరింగ్ సాఫ్ట్‌వేర్‌లో 2017 నుంచి ఉన్న మాస్టర్ అసిస్టెంట్, 2023లో ఆపిల్ వాళ్ళ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లాజిక్‌లో వచ్చిన మాస్టరింగ్ అసిస్టెంట్ వేరే రకం. అవి మన కంప్యూటర్‌లోనే నడుస్తాయి, అది చేసింది కళ్ళకి కనిపిస్తుంది, నచ్చకపోతే మనమే తిప్పుకోవచ్చు. నా ఓటు వీటికే. తెలివి ఎక్కువని కాదు, తప్పు చేస్తే చెయ్యి పట్టుకుని ఆపొచ్చు.

ఇంకొకటుంది, మ్యాచరింగ్ అని, ఓపెన్ సోర్స్, ఉచితం. నీ పాట ఒకటి, నీకు నచ్చిన పాట ఇంకొకటి ఇస్తే రెండోదాని సౌండ్ లెవెల్, బేస్-ట్రెబుల్ తీరు, స్టీరియో వెడల్పు మొదటిదానికి తెస్తుంది. ఈమాస్టర్డ్ లాంటి వాటిల్లో కూడా రెఫరెన్స్ పాట ఇచ్చే వీలుంది. వినడానికి భలే ఐడియా, కానీ మన సంగీతంలో శ్రుతి ఒకటుంది కదా. పాట పొడుగునా తంబూరా షడ్జమం (సా), పంచమం (పా) మీద మోగతానే ఉంటుంది, ఆ షడ్జమం చుట్టూ శక్తి ఎక్కువగా పోగై ఉంటుంది. కట్టె అంటే శ్రుతి ఎత్తుని చెప్పే లెక్క. రెఫరెన్స్‌గా ఒకటో కట్టె శ్రుతిలో పాడిన మగగొంతు పాట ఇచ్చినావనుకో, దాని షడ్జమం 130 హెర్ట్జ్ దగ్గర. మా అక్క పాడేది ఐదు కట్టెలో, అంటే 196. అప్పుడు మిషను ఏం చేస్తుంది, అక్క పాటలో ఏమీ లేని చోట పెంచి, ఆధారం ఉన్న చోట తగ్గించడానికి చూస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ బేస్-ట్రెబుల్ గీతని కొంత నునుపు చేసుకుంటుంది గానీ కింది స్వరాల దగ్గర తేడా తెలిసిపోతుంది. గొంతు పలచనైందేందబ్బా అని నేను గంటసేపు జుట్టు పీక్కున్నాను, చివరికి అదే శ్రుతిలో ఉన్న రెఫరెన్స్ పెట్టినాక కుదుటపడింది. ఈ మాట నేను చూసిన ఏ సర్వీసూ అప్‌లోడ్ చేసే చోట చెప్పదు, వాళ్ళ లిస్టులో హిప్‌హాప్, రాక్ ఉంటాయి, శ్రుతి ఎందుకుంటుంది.

నాదస్వరం సంగతైతే అడగొద్దు. దాని చురుకుదనాన్ని ఒక సర్వీసు తప్పు అనుకుని కత్తిరించేసింది, గుడి ముందు వినాల్సింది దుప్పటి కప్పుకుని విన్నట్టు వచ్చింది.

అక్క పాటకి చివరికి ఏం చేసినానంటే, ఫ్యాన్ శబ్దం ఉన్న చోట్లు తీసేసి, సౌండ్ హద్దు దాటకుండా ఆపే లిమిటర్ పైపైన తగిలించి, మైనస్ 15 దగ్గర వదిలేసినాను. చెన్నై పోయి మాస్టరింగ్ చేయించుకునే డబ్బులుంటే అది వేరే విషయం.

అయితే మిషను గెలిచింది కూడా ఉంది. గంగమ్మ జాతరకి డప్పు పాట ఒకటి చేసి ఇచ్చినాను మా వీధి పిల్లోళ్ళకి. సమానం చేసి వింటే నా మిక్స్‌లోనే డప్పు దెబ్బ బాగుంది, నేను ఖచ్చితంగా చెప్తా. వాళ్ళు మాత్రం ట్రాలీ ఆటోలో పెట్టిన బాక్సుల్లో రెండూ వేసి చూసి, బాగా నలిపేసిన ఆటోమేటిక్‌దే కావాలన్నారు. జాతరలో స్పాటిఫై లేదు, సౌండ్ తగ్గించేవాడూ లేడు, పక్క వీధి బాక్సుల మీద గెలవాల. అదే ఇచ్చేసినాను.