రోడ్డు దాటాలనే దురాశ

నగరాల్లో జీబ్రా గీతలు లేవని కొందరు అదేపనిగా వాపోతున్నారు. కానీ అసలు కొరత గీతలది కాదు, తృప్తిది. తాను నిలబడిన వైపునే ఉన్నంతలో సర్దుకుపోవడం చేతకాక, అవతలి వైపు ఏదో ఉన్నదని ఆరాటపడే మనిషిని ఏ ఇంజనీరు మాత్రం బాగుచేయగలడు? బస్సులో పనికి వెళ్ళేవారిది మరీ విడ్డూరం. పొద్దున ఒక వైపు బస్సెక్కి, సాయంత్రం రెండో వైపు దిగి, మళ్ళీ ఇల్లు చేరాలంటారు. దిగినచోటే కాపురం పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు కదా!

రోడ్డు వేసినవారు తమ వంతు పని లోటు లేకుండా చేశారు. నగర వీధిలో ఒక్కో వాహనాల వరుసకు (లేన్‌కు) 3 మీటర్ల వెడల్పు సరిపోతుందని తెలిసినా, పెద్ద మనసుతో మరికొంత కలిపి, మలుపులను విశాలంగా గుండ్రంగా తీర్చి, ఏ వాహనానికీ వేగం తగ్గించుకునే అవమానం కలగకుండా చూశారు. ఆపైన ‘నెమ్మదిగా వెళ్ళండి’ అని ఒక బోర్డు కూడా పాతారు. (పాతింది కాలిబాట నడిమధ్యన అనుకోండి.) పొడి రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, డ్రైవరు తేరుకోవడానికి ఒక సెకను పట్టినా, సుమారు 13 మీటర్లలో ఆగిపోతుంది, 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ 13 మీటర్లూ దాటేసరికి డ్రైవరు ఇంకా బ్రేకు నొక్కనే నొక్కడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో రోడ్డు ప్రమాదాలకు బలైన దాదాపు 11.9 లక్షల మందిలో ఇంచుమించు నాలుగో వంతు పాదచారులే. నడిచేవారిలో అజాగ్రత్త ఎంతగా ప్రబలిపోయిందో దీన్నిబట్టే తెలుస్తున్నది.

డివైడరుకు ఇనుప కంచె వేస్తేనైనా జనానికి బుద్ధి వస్తుందనుకుంటే, సరిగ్గా బస్టాపు ఎదురుగా ఒక ఊచ వంగి ఉంటుంది. దాని కింద మొక్కలు చచ్చి, మట్టి అరిగి నున్నగా తేలి ఉంటుంది. ఎక్కడ దాటే వీలు కల్పించాలో వేలాది పాదాలు చిల్లిగవ్వ ఖర్చు లేకుండా చేసిపెట్టిన సర్వే అది. అధికారులు దానిని శ్రద్ధగా పరిశీలించి, ఊచకు వెల్డింగు చేయిస్తారు. వారం తిరిగేసరికి పక్క ఊచ వంగుతుంది. ఆ సందులోంచి బయటపడిన ముసలావిడ, ఒక చేతిలో సంచీ, రెండో అరచేతిలో ప్రాణాలూ పెట్టుకుని, ఆ అరచేతినే వచ్చే లారీకి చూపిస్తూ సాగిపోతుంది. ఇంత చవకైన సిగ్నల్ ఉండగా రంగు డబ్బాలకు ఖర్చెందుకు?

మరీ యాగీ చేస్తే పాదచారుల వంతెన కట్టిస్తారు. అప్పుడు ఇంజను ఉన్నవాడు నేల మీదనే హాయిగా పోతాడు, మోకాళ్ళ నొప్పులున్నవాడు 5 మీటర్ల పైచిలుకు ఎక్కి దిగుతాడు.

సిగ్నల్ కావాలంటే అర్హత సంపాదించుకోవాలి. 2009 నాటి అమెరికా ట్రాఫిక్ నియమావళి చెప్పిన అర్హతల్లో ఒకదానికి, సిగ్నల్ ఉంటే తప్పిపోయేవనదగిన ప్రమాదాలు 12 నెలల్లో కనీసం 5 నమోదై ఉండాలి. ఇతర షరతులు వేరే ఉన్నాయి. నాలుగింటితో చతికిలబడిన కూడలి మరికాస్త కష్టపడాలన్నమాట. నార్వే రాజధాని ఓస్లో నగరానికి ఈ పట్టుదల బొత్తిగా లేదు. వేగ పరిమితులు తగ్గించి, నగరం నడిబొడ్డున పార్కింగ్ తీసేసి, 2019లో ఒక్క పాదచారి గానీ సైకిలిస్టు గానీ రోడ్డు మీద చనిపోకుండా చేసుకుంది. ఇలాగైతే ఆ ఊరి కూడళ్ళు ఎప్పటికి అర్హత సాధించేను!