పిల్లల పేరిట రెండు నాల్కలు

అమెరికా సుప్రీంకోర్టులో 2025 అక్టోబరు 7న చైల్స్ వర్సెస్ సలజార్ కేసుపై సాగిన వాదనలు ఆందోళన కలిగించాయి. స్వలింగ ఆకర్షణ గల మైనర్లను 'మార్చే' చికిత్సను లైసెన్సు ఉన్న కౌన్సెలర్లు చేయరాదని కొలరాడో రాష్ట్రం 2019లో చట్టం చేసింది. అది తన వాక్‌స్వాతంత్ర్యాన్ని హరిస్తోందంటూ కొలరాడో స్ప్రింగ్స్‌కు చెందిన క్రైస్తవ కౌన్సెలర్ కేలీ చైల్స్ కోర్టుకెక్కారు. అప్పీలు కోర్టు 2024లో చట్టాన్నే సమర్థించింది. కానీ సుప్రీంకోర్టులో వాదనల రోజు మెజారిటీ న్యాయమూర్తుల ప్రశ్నల తీరు చూస్తే మొగ్గు ఆమె వైపే కనిపించింది. ట్రంప్ ప్రభుత్వమూ ఆమెకే బాసటగా నిలిచింది.

తాను ఎవరినీ బలవంతపెట్టనని, కోరి వచ్చినవారితో మాట్లాడటం తప్ప మరేమీ చేయనని చైల్స్ అంటున్నారు. మాట్లాడే హక్కు విలువైనదే, కాదనలేం. కానీ ఆ హక్కును కొలరాడో ఎక్కడ అడ్డుకుంది? స్వలింగ సంపర్కం పాపమని పాస్టరు ఆదివారం బోధించవచ్చు. తల్లిదండ్రులు ఇంట్లో ప్రార్థన చేయించవచ్చు. మతసేవలో ఉన్నవారికి చట్టంలోనే మినహాయింపు రాసి ఉంది. నిషేధమల్లా ఒక్క గదికి: గోడ మీద రాష్ట్రమిచ్చిన లైసెన్సు వేలాడే గదికి, ఫీజు పుచ్చుకుని చికిత్స చేసే గదికి. పదమూడేళ్ల కుర్రాడు ఆ గదికి తనంతట తాను 'కోరి' వస్తాడా? కారు నడిపేది తండ్రి, బిల్లు కట్టేది తల్లి. లోపల కూర్చున్న మనిషి చెప్పేదంతా శాస్త్రమేనని ఆ పిల్లవాడు నమ్మడానికి కారణం గోడ మీది ఆ కాగితమే.

ఇక ఈ కోర్టు ఆ వాదనలకు నాలుగు నెలల ముందు ఏం చేసిందో చూడండి. ట్రాన్స్‌జెండర్ మైనర్లకు హార్మోన్ల చికిత్సను నిషేధించిన టెనెసీ రాష్ట్ర చట్టాన్ని 2025 జూన్ 18న 6-3 మెజారిటీతో నిలబెట్టింది. అక్కడ చికిత్స కావాలని తల్లిదండ్రులే అడిగారు. పెద్ద పెద్ద వైద్య సంఘాలు వారికి అండగా నిలిచాయి. అయినా, వైద్యంపై వివాదం ఉన్నచోట నిర్ణయం చట్టసభలదేనని కోర్టు తేల్చింది. మరి కొలరాడోలో ఉన్నది చట్టసభ కాదా? అక్కడివాళ్లు పిల్లలు కారా? అది మందు, ఇది మాట అని చైల్స్ తరఫువారు తేడా చూపిస్తున్నారు. కౌన్సెలర్ చేతిలో ఉన్న మందే మాట! జస్టిస్ కేటంజీ బ్రౌన్ జాక్సన్ వాదనల్లో ఈ రెండు కేసుల పోలికనే లేవనెత్తారు.

వైద్యుల ఏకాభిప్రాయం రాజకీయమయం కావచ్చు కదా అన్నది జస్టిస్ అలిటో అనుమానం. నిజమే, ఒకప్పుడు స్వలింగ ఆకర్షణను జబ్బుగా రాసుకున్నదీ ఆ వైద్యులే. ఆధారం లేదని తేలాకే 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దాన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మార్పు సాధ్యమని 2003లో పరిశోధన ప్రచురించిన మానసిక వైద్యుడు రాబర్ట్ స్పిట్జర్ 2012లో తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. ఆయన ఆధారమల్లా రెండు వందల మందితో టెలిఫోన్ సంభాషణలు. చర్చి వైపు నుంచి వచ్చిన సాక్ష్యం ఇంకా బలమైనది. 1976లో పుట్టి, ప్రార్థనతో, కౌన్సెలింగ్‌తో మారవచ్చని దశాబ్దాల పాటు ప్రచారం చేసిన క్రైస్తవ సంస్థ 'ఎక్సోడస్ ఇంటర్నేషనల్' 2013లో తలుపులు మూసేసింది. బాధితులకు క్షమాపణ చెప్పింది దాని అధ్యక్షుడు అలన్ చాంబర్సే. తనకు తెలిసినవారిలో నూటికి 99.9 మంది ఆకర్షణ మారలేదని అంతకు ఏడాది ముందే ఆయన అంగీకరించారు. ఆయన నాస్తికుడు కాదు, వైద్య సంఘాల ప్రతినిధీ కాదు. బైబిలు పట్టుకుని ఆ పని చేయించిన మనిషి.

చైల్స్ గెలిస్తే ఏమవుతుంది? వాదనల నాటికి ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉన్న ఇలాంటి చట్టాలకు ముప్పు. అందులో 2012లోనే నిషేధించిన కాలిఫోర్నియా, మరుసటి ఏడాది అదే బాట పట్టిన న్యూజెర్సీ ఉన్నాయి. మన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో పిల్లల్ని పెంచుతున్న రాష్ట్రాలివి. ముప్పు అక్కడితోనూ ఆగదు. గదిలో చెప్పే మాటంతా భావప్రకటనే అయితే, తిండి మానేసి చిక్కి శల్యమైన అమ్మాయిని ఇంకా తగ్గమని ప్రోత్సహించే కౌన్సెలర్‌ను ఏ బోర్డు ఆపగలదు? లైసెన్సు ఎందుకు, దాన్ని రద్దు చేసే అధికారం ఎందుకు?

మన దేశం ఈ విషయంలో ముందడుగే వేసింది. మద్రాస్ హైకోర్టు 2021లో ఇలాంటి 'చికిత్స'ను నిషేధించాలని ఆదేశించింది. జాతీయ వైద్య కమిషన్ 2022లో దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. మన దగ్గరా ఇది ఒక్క మతంవారి పని కాదు. పెళ్లి చేస్తే సర్దుకుంటుందనే పెద్దలు అన్ని మతాల్లోనూ ఉన్నారు.

పాపమని నమ్మే హక్కు క్రైస్తవులకు ఉంది. దాన్ని ఈ పత్రిక ప్రశ్నించదు. 'మీ పిల్లలకు కోపము రేపక' పెంచమని ఎఫెసీ సంఘానికి పౌలు రాసిన మాట కూడా వారు ఆదివారం చదువుకునేదే. ఆ నమ్మకానికి ప్రభుత్వ ముద్ర వేయించి, చికిత్సగా బిల్లు వేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు. దాన్ని ఇవ్వాలనుకుంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ముందుగా టెనెసీ తల్లిదండ్రుల ముఖం చూసి చెప్పాలి: మీ చట్టసభకు ఇచ్చిన గౌరవం కొలరాడో చట్టసభకు ఎందుకు ఇవ్వలేదో, మీ పిల్లల విషయంలో అక్కరకు రాని తల్లిదండ్రుల ఇష్టం ఇక్కడ ఎందుకు పవిత్రమైందో.