సారెతో పాటు వెళ్లాల్సిన కాగితం

నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. పసిబిడ్డ ఎదుగుదలను గుర్తుపెట్టుకోవడానికి మన అమ్మమ్మలు వేసుకున్న లెక్క ఇది. ఒడిశాలోని బరంపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా, గుణుపురం, రాయగడ, జయపురంలోనైనా తెలుగిళ్లలో ఈ వేడుకలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. అయితే బొబ్బట్లు వండాల్సిన నెల దాటిపోయి, బిడ్డ ఇంకా బోర్లా పడకపోతే ఏం చేయాలో ఆ లెక్కలో లేదు. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: 'వాళ్ల నాన్నా లేటుగానే నడిచాడులే.' చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. నిజం కాని ఇంట్లో మాత్రం ఆ ధీమా బిడ్డకు మళ్లీ దొరకని నెలల్ని మింగేస్తుంది.

ఎంతవరకు ఆగవచ్చో చెప్పే కొలత ఒకటుంది. మన దేశంతో కలిపి అయిదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో దాన్ని ప్రచురించింది. ఆసరా లేకుండా కూర్చోవడం కొందరికి నాలుగో నెల నిండకముందే వచ్చింది, కొందరికి తొమ్మిది నెలలు దాటాక వచ్చింది. సొంతంగా నడవడం 8 నెలల నుంచి 17న్నర నెలల దాకా ఎప్పుడైనా మొదలైంది. నూటికి నలుగురు అసలు దోగాడనే లేదు, నేరుగా లేచి నిలబడ్డారు. అందుచేత పక్కింటి పిల్లాడు పదో నెలకే నడిచాడని మన బిడ్డను చూసి బెంగపడనక్కర్లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే పుట్టిన రోజు నుంచి కాకుండా పుట్టాల్సిన రోజు నుంచి లెక్క వేయాలి. రెండు నెలలు ముందుగా పుట్టి ఇప్పుడు ఆరు నెలలు నిండిన బిడ్డను నాలుగు నెలల బిడ్డగానే చూడాలి.

ఆగకూడని సందర్భాలు వేరు. నాలుగు నెలలు నిండినా మెడ నిలవకపోవడం, తొమ్మిది నెలలు దాటినా కూర్చోలేకపోవడం, ఏడాదిన్నరకూ అడుగు వేయకపోవడం అలాంటివి. అంతకంటే ముందే కనిపించే గుర్తులు ఇంకొన్ని ఉన్నాయి. లంగోటా మార్చేటప్పుడు తొడలు బిగుసుకుపోయి విడివడవు. లేదంటే ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోయేంత మెత్తగా బిడ్డ వాలిపోతుంది. మూడు నాలుగు నెలలు దాటినా పిడికిళ్లు విప్పదు. ఎనిమిదో నెల బిడ్డ అన్నిటికీ ఎడమ చెయ్యే చాపుతుంటే ఎడమచేతివాటం అని మురిసిపోతాం. నిజానికి ఏడాది లోపు ఏ చేతివాటమూ స్థిరపడదు. ఒక చేతినే వాడుతోందంటే రెండో చెయ్యి సరిగా పనిచేయడం లేదేమో చూపించుకోవాలి. రోజూ కాళ్లు చాపుకుని, బిడ్డను వాటిమీద పడుకోబెట్టి నలుగుపెట్టి నీళ్లు పోసే పెద్దమ్మ చేతులకు ఈ బిగుతు, ఈ వాలుడు అందరికంటే ముందు తెలుస్తాయి. ఆమె మాటను చెవిన పెట్టి ఆసుపత్రి దాకా చేర్చే దారి మాత్రం మనకు లేదు.

కాస్త శ్రద్ధ పెడితే ఇదంతా ఎక్కడైనా పట్టుకోవచ్చు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు జిల్లాల్లో అది ఎందుకు జారిపోతోందో చూడాలంటే మన ఆచారం దగ్గరే మొదలుపెట్టాలి.

తొలి కాన్పు పుట్టింట్లో. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగు కుటుంబాలకు కోడళ్లు ఎక్కువగా శ్రీకాకుళం వైపు నుంచి, పార్వతీపురం వైపు నుంచి వస్తారు. పురిటికి అక్కడికే వెళ్తారు. కాన్పు కష్టమై బిడ్డ పుట్టగానే ఏడవకపోయినా, బరువు తక్కువై 'అద్దాల పెట్టెలో' పెట్టినా, కామెర్లు ముదిరినా ఆ సంగతులన్నీ ఆంధ్ర ఆసుపత్రి పుస్తకంలో రాస్తారు. మెదడులో కదలికలను నడిపే భాగాలకు దెబ్బ తగిలే ప్రమాదం ఉన్నదీ ఈ బిడ్డలకే. ఇంటికొచ్చాక 42 రోజుల వరకు అక్కడి ఆశా కార్యకర్త వచ్చి చూస్తుంది. తర్వాత మూడో నెలలోనో అయిదో నెలలోనో చలిమిడి, సున్నుండలు, ఉయ్యాలతో సహా సారె పెట్టి తల్లీబిడ్డల్ని అత్తవారింటికి పంపుతారు. బండి పాతపట్నం దాటి పర్లాకిమిడిలోకి వచ్చేసరికి రాష్ట్రం మారిపోతుంది.

ప్రభుత్వ పద్ధతి ప్రకారం ఆశా మళ్లీ ఇంటికి రావాల్సింది 3, 6, 9, 12, 15 నెలలకు. మూడో నెలలో అక్కడి ఆశా వెళ్తే బిడ్డ ప్రయాణపు హడావుడిలో ఉంటుంది. ఆరో నెలలో ఇక్కడి ఆశాకు ఆ బిడ్డ కొత్త ముఖం. అద్దాల పెట్టెలో ఎన్ని రోజులుందో, ఎందుకుందో ఆమె పుస్తకంలో ఒక్క ముక్క ఉండదు. బిడ్డ ఒక రిజిస్టరులో 'ఊరు వెళ్లారు' అవుతుంది, రెండో రిజిస్టరులో ఆరోగ్యంగా ఉన్న కొత్త బిడ్డ అవుతుంది. ఇది ఒక వైపు నుంచే జరగడం లేదు. ఇచ్ఛాపురం, కవిటి వైపు వాళ్లకు కష్టం వస్తే దగ్గరయ్యేది బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రి. అక్కడ చికిత్స పొందిన బిడ్డ ఆంధ్రకు తిరిగి వెళ్లినా ఇదే కథ.

పోయే ఆ నెలలు మామూలు నెలలు కావు. మెదడుకు తగిలిన దెబ్బ వల్ల బిడ్డ కదలికలు కుంటుపడే సెరిబ్రల్ పాల్సీని ఏడాది, రెండేళ్లు గడిస్తే తప్ప నిర్ధారించలేమని ఒకప్పుడు అనుకునేవారు. ఆరు నెలలలోపే గుర్తించవచ్చని 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఆధారాలతో చూపించింది. అందుకు ముఖ్యంగా కావాల్సినవి రెండు: పుట్టినప్పటి చరిత్ర, బిడ్డ కదలికలను చూసే అనుభవమున్న కన్ను. మన దగ్గర మొదటిది సరిహద్దుకు అవతలే ఉండిపోతోంది. రెండోది జిల్లా కేంద్రం దాటి బయటికి రావడం లేదు.

అలాంటి కన్ను ఫిజియోథెరపిస్టుకు ఉంటుంది. కానీ 'ఫిజియోథెరపీ' అనగానే మనవాళ్ల కళ్ల ముందు మెదిలేది మోకాళ్లకు కరెంటు పెట్టించుకునే తాతయ్య, లేదా పక్షవాతం వచ్చి చెయ్యి ఎత్తలేని పెద్దాయన. పాలుతాగే బిడ్డకు దాంతో పనేమిటి అని అడుగుతారు. పసిపిల్లలకు చేసేది వేరే పని. ఫిజియోథెరపిస్టు చాప మీద తల్లి పక్కనే కూర్చుని బిడ్డ ఎటు తిరగగలదో, ఎక్కడ ఆగిపోతోందో చూస్తారు. ఛాతీ కింద తువ్వాలు చుట్టి పెడితే మెడ ఎలా లేస్తుందో చూపిస్తారు. నడుము దగ్గర ఎంత పట్టు ఇస్తే బిడ్డ కూర్చోగలదో, ఆ పట్టును రోజురోజుకూ ఎలా తగ్గించాలో నేర్పుతారు. గిలక్కాయ బిడ్డకు ఏ వైపున, ఎంత దూరంలో ఆడించాలన్నది కూడా అందులో భాగమే. కాళ్లూ చేతులూ మనం పట్టుకుని వంచడం కన్నా బిడ్డ తనంతట తాను ప్రయత్నించేలా చేయడమే ముఖ్యం. మెదడు కొత్త దారులు వేసుకునేది ఆ ప్రయత్నంతోనే. నూనె మర్దనా బిడ్డకు హాయినిస్తుంది, తల్లి స్పర్శ దగ్గరవుతుంది, మానక్కర్లేదు. కానీ అదొక్కటే వైద్యం అనుకుని నెలలు గడపకూడదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మెదడుకు తగిలిన దెబ్బను ఏ ఫిజియోథెరపీ చెరిపేయదు. ప్రతి బిడ్డా పరుగెత్తుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు. తొందరగా మొదలుపెడితే ఉన్న శక్తి వృథా కాదు, కండరాలు బిగిసి కీళ్లు వంకరపోకుండా, తుంటి పక్కకు జరిగిపోకుండా చాలావరకు కాచుకోవచ్చు, కూర్చుని తన చేత్తో తాను అన్నం తినే రోజు దగ్గరవుతుంది. ఆ తల్లికి అది చాలా పెద్ద సంగతి.

ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు కూడా ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి. మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తంలో కనీసం అరగంట, కొంచెం కొంచెంగా, బోర్లా పడుకోబెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలాగానే. చీర ఉయ్యాల తల్లికి ఎంత ఆసరాయో మాకు తెలుసు, నాట్లకో జీడితోటకో వెళ్లాల్సిన ఇంట్లో అది లేకపోతే గడవదు. అయితే రోజంతా అందులోనే ఉండే బిడ్డకు కాళ్లు తన్నుకునే చోటు, పక్కకు తిరిగే చోటు ఉండవు. చాప మీద వదిలే గంటలు పెంచాలి. మన పల్లెల్లో బిడ్డను చంకన ఎత్తుకునే అలవాటు చాలా మంచిది, కాళ్లు రెండు వైపులా విడిగా ఉండటం వల్ల తుంటి కీళ్లు కుదురుగా ఎదుగుతాయి. సంతల్లో రంగురంగులుగా అమ్ముతున్న గుండ్రటి ప్లాస్టిక్ వాకర్లు కొనవద్దు. వాటిలో కూర్చోబెడితే నడక త్వరగా రాదు, మెట్ల మీంచి, పొయ్యి దగ్గరకు దూసుకెళ్లి ప్రమాదాలు జరుగుతాయి. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. వడ్రంగి చేసిచ్చే పాత మూడు చక్రాల నడకబండి అంతకన్నా ఎన్నో రెట్లు నయం, అక్కడ బిడ్డ తన కాళ్ల మీద తానే నిలబడి తోస్తుంది.

ఇక ప్రభుత్వం సంగతి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కాగితం మీద చక్కగా ఉంది. సంచార వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు ప్రతి అంగన్‌వాడీకి రావాలి, ఎదుగుదల ఆలస్యమైన పిల్లల్ని గుర్తించి జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. ఆ కేంద్రంలో పిల్లల వైద్యుడితో పాటు ఫిజియోథెరపిస్టు కూడా ఉండాలి. చిక్కంతా 'పంపాలి' అన్న ఆ ఒక్క మాటలో ఉంది. గుణుపురం పక్క పల్లెలో ఉన్న తల్లి రాయగడకు వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అదనం, ఇంట్లో ఉన్న పెద్ద పిల్లను ఎవరికో అప్పగించాలి. ఒకసారి వెళ్తుంది, రెండోసారి వెళ్తుంది, మూడోసారికి మానేస్తుంది. ఆమెను నిర్లక్ష్యం చేసిందని అనే హక్కు ఎవరికీ లేదు. వంకర పాదాలతో పుట్టిన బిడ్డల విషయమూ ఇంతే. వారం వారం పిండికట్టు మార్చుతూ పోతే కొన్ని వారాల్లో పాదం దారికి వస్తుంది. ఆ తర్వాత మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగేళ్ల వయసు దాకా రాత్రిపూట ప్రత్యేక బూట్లు తొడగాలి. మధ్యలో మానేస్తే పాదం మళ్లీ తిరుగుతుంది.

సంచార బృందంలో ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు ఉంటారు. వాళ్లకు వాహనం ఉంది, తిరిగే దారీ ఉంది. నెలకు కొన్ని రోజులైనా జిల్లా కేంద్రంలోని ఫిజియోథెరపిస్టును ఆ బండి ఎక్కించమని మేము అడుగుతున్నాం. గుణుపురం లాంటి సబ్‌డివిజన్ ఆసుపత్రిలో వారానికి ఒక రోజు, అదీ సంత రోజున, పిల్లల ఫిజియోథెరపీ పెట్టమంటున్నాం. సంతకు ఎలాగూ వచ్చే తల్లి బిడ్డనూ తెచ్చుకుంటుంది. ప్రతి వారం ఆమె రావాల్సిన పనీ లేదు. చూపించిన వ్యాయామాన్ని ఇంట్లో సరిగా చేస్తోందో లేదో నడుమ ఆశా వెళ్లి చూసేలా ఆశాకు ఆ కాస్త శిక్షణ ఇస్తే సరిపోతుంది.

ఈ వైద్యంలో నిజంగా పనిచేసే చేతులు తల్లివి. కాబట్టి ఆమెకు చెప్పేది ఆమెకు అర్థం కావాలి. ఆంధ్ర నుంచి వచ్చిన కోడలు ఏడాదిలో ఒడియా మాట్లాడటం నేర్చుకుంటుంది, ఒడియా చదవడం మాత్రం రాదు. డిశ్చార్జి కాగితం ఇంగ్లిషులో, పుట్టింటి కార్డు తెలుగులో, అత్తవారింటి కార్డు ఒడియాలో ఉంటే ఏ ఒక్కరికీ బిడ్డ కథ మొత్తం తెలియదు. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో బొమ్మలతో పాటు తెలుగులోనూ కార్డులు అచ్చువేయాలి. సవర తల్లికి సవరలో, కువి మాట్లాడే కొంధ తల్లికి కువిలో చెప్పగలిగిన మనిషి ఉండాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకుని, పాఠాలు రాసి, బడులు నడిపారు. వందేళ్ల కిందట ఒక్క మనిషి చేసిన పనిని రెండు రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేయలేవా?

పుట్టిన చోటి రికార్డు బిడ్డతో పాటు సరిహద్దు దాటడమూ అసాధ్యం కాదు. టీకాల విషయంలో యూ-విన్ పోర్టల్ ఆ దారి వేసింది, ఒక చోట నమోదైన బిడ్డ దేశంలో మరెక్కడైనా తర్వాతి టీకా వేయించుకోవచ్చు. అద్దాల పెట్టెలో ఉండి వచ్చిన బిడ్డల వివరాలకు కూడా అలాంటి ఏర్పాటు కావాలి. అది వచ్చేదాకా శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం, గజపతి, రాయగడ, గంజాం జిల్లాల వైద్యాధికారులు నెలకోసారి ఆ పేర్ల జాబితాను ఒకరికొకరు పంపుకోవడానికి ఏ కొత్త చట్టమూ అవసరం లేదు, ఒక ఉత్తరం చాలు. ఆ ఉత్తరం మొదట ఏ కలెక్టరు రాస్తారో చూస్తాం, రాసిన రోజున మా పత్రిక మొదటి పేజీలో ప్రచురిస్తాం.

ఈ లోపు మీ ఇంటి నుంచి బాలింత అత్తవారింటికి బయలుదేరుతుంటే, సారె సర్దేటప్పుడు ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, తల్లీబిడ్డల కార్డు, టీకాల చీటీ ఒక సంచిలో పెట్టి ఆమె చేతికే ఇవ్వండి, పెట్టె అడుగున పెట్టకండి. అత్తవారి ఊళ్లో దిగిన వారంలోపే అక్కడి ఆశాను పిలిపించి, బిడ్డ పుట్టినప్పుడు ఏం జరిగిందో ఏదీ దాచకుండా చెప్పండి.