రొయ్యకున్న పరీక్ష మనకెందుకు?

శుద్ధి చేసిన మురుగునీటిలో మందుల అవశేషాలు, హార్మోన్లు, మైక్రోప్లాస్టిక్‌లు ఎన్నున్నాయో చూస్తుండాలని కొందరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. నెల్లూరు వాళ్లం, మనకు ఇవన్నీ అవసరమా?

పొగతోటలో మందుల షాపుల ముందు జనాన్ని చూస్తే మన ఆరోగ్యం ఎంత భద్రంగా ఉందో తెలుస్తుంది. షుగర్‌కి వేసుకునే మెట్‌ఫార్మిన్ ఒంట్లో మారదు, మూత్రంలో అలాగే బయటికొస్తుంది. ఫిట్స్‌కి వాడే కార్బమాజెపైన్ ఇంకా మొండిది, శుద్ధి ప్లాంటులోని బ్యాక్టీరియాకు కూడా పెద్దగా లొంగదు. డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చాయని 2006లో దాన్ని పశువైద్యంలో నిషేధించారు. మన మోకాళ్ల నొప్పులకు మాత్రం దర్జాగా వాడుకోవచ్చు. మనల్ని రాబందులు తినవు కదా!

రూల్సూ మన పక్షమే. కేంద్ర పర్యావరణ శాఖ 2017 నోటిఫికేషన్ ప్రకారం ప్లాంటు నుంచి వచ్చే నీటికి పీహెచ్, బీఓడీ (కుళ్లే మురికి ఎంతుందో చెప్పే లెక్క), కోలిఫామ్ (మలంలోని బ్యాక్టీరియా) లాంటివి చూస్తే సరి. మాత్రల ఊసే లేదు. అడగని ప్రశ్నకు జవాబు రాస్తే ఎవరైనా మార్కులు వేస్తారా?

రొయ్య సంగతి వేరు. యూరప్‌కు వెళ్లే రొయ్యలో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ కిలోకు 0.15 మైక్రోగ్రాములున్నా సరుకు వెనక్కే. అంత సన్నగా కొలిచే యంత్రాలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి, మురుగునీటిలో మందుల్ని పట్టేదీ ఆ రకం యంత్రాలే. కానీ రొయ్య తినేవాడు డాలర్లిస్తాడు. మురుగు కలిసిన కాలవ నీళ్లు వరిమడికి పారితే తినేది మనం. మన మొలగొలుకుల బియ్యాన్ని వాపసు పంపేదెవరు?

యూరప్ వాళ్లు 2024లో ఏకంగా చట్టమే చేశారు. పెద్ద ప్లాంట్లలో ఇలాంటి పదార్థాలను తీసేసే ఖర్చులో కనీసం 80 శాతం మందుల, సౌందర్య సాధనాల కంపెనీలే పెట్టుకోవాలట. కంపెనీల దగ్గర అంత మొహమాటం లేకుండా మనం మాట్లాడగలమా?

అసలు కష్టమంతా శాంపిల్ దగ్గర. ఊరు మాత్రలు వేసుకునే వేళను బట్టి నీళ్లు మారుతుంటాయి కాబట్టి 24 గంటలూ కొంచెం కొంచెంగా పట్టి కలపాలి. టిఫిన్ చేసి పదకొండింటికి జీపులో వచ్చి ఒక బాటిల్ ముంచుకుపోతే సరిపోదు. కొలిచేది నానోగ్రాముల్లో గనుక పట్టేవాడి ఒంటి మీదిది కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకని సన్‌స్క్రీన్ వద్దు, దోమల క్రీము వద్దు అంటారు. మురుగు గట్టు మీద, నెల్లూరు దోమల మధ్య! కెఫీన్ కూడా కొలిచేదే కాబట్టి ఆ పూట కాఫీ కూడా తాగకూడదు.

ఉద్యోగ సంఘాలు వినతిపత్రం ఇప్పుడే టైపు చేయించి పెట్టుకోవడం మంచిది.